అమ్మల లైను

కొరిన్‌కి కోపం వస్తే అరవదు, గొంతు తగ్గిస్తుంది. ఇంగ్లండులో ఈ రేవు ఊరు గ్రిమ్స్‌బీలో పుట్టిన ఆడవాళ్ళం అలా కాదు. కోపమొస్తే వాకిట్లో నిలబడి ఎదుటి మనిషి ఏడు తరాలూ దులిపేసి, సాయంత్రం వాళ్ళింట్లోనే టీ తాగుతాం. కొరిన్ ఈ ఊరికి పెళ్ళి చేసుకుని వచ్చింది. మొగుడు వెళ్ళిపోయాక, కూతురు ఫ్రేయాతో మా పక్క వీధిలోనే ఉండిపోయింది. తర్వాత మాకు మేనేజరైన క్లైవ్ రడ్‌కి ఆమె సంగతి తెలియదు. గొంతు తగ్గించినప్పుడల్లా లొంగిపోయిందనుకున్నాడు.

నేను పామ్‌ని. ఇద్దరు ఆడపిల్లల తల్లిని. నా మొగుడు ఎక్కడో ఉన్నాడు, ఎక్కడని నేను అడగను.

రెండువేల పన్నెండులో ప్రభుత్వం రూలు మార్చింది. అంతకు ముందు ఒంటరి తల్లికి చివరి బిడ్డ ఏడేళ్ళు నిండేదాకా ఇంటిపట్టున ఉండి పెంచుకొమ్మని భత్యం ఇచ్చేవాళ్ళు. ఇకమీదట అయిదు నిండితే చాలు, పని వెతుక్కోవాల్సిందే. రెండు వారాలకోసారి ఉద్యోగాల ఆఫీసుకి వెళ్ళి, ఎక్కడెక్కడ పని అడిగామో చూపించి సంతకం పెట్టాలి. పని చెయ్యడానికి మాకేమీ బద్ధకం లేదు. బడి తొమ్మిదికి పది నిమిషాల ముందు తెరుస్తారు, మూడుంబావుకి వదిలేస్తారు. ఆ మధ్యలో ఇమిడే పని ఏదమ్మా అని అడిగితే, ఆఫీసులో ఆవిడ కంప్యూటర్ తెర మా వైపు తిప్పి చూపించింది. బార్‌లో రాత్రి పని, ముసలాళ్ళ ఇంట్లో రాత్రి పని, ఆదివారాలు పెట్రోలు బంకు.

"బడివేళల్లో చేస్తామని రాసుకునే హక్కు మీకుందమ్మా. ఆ వేళల్లో పని పుట్టించే హక్కు మాత్రం నాకు లేదు," అందావిడ. మంచిదే పాపం.

అలాంటప్పుడు క్లైవ్ రడ్ దేవుడిలా దిగాడు. రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో మేనేజరు. నలభై అయిదేళ్ళు, ఇస్త్రీ చొక్కా, ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యేసే అలవాటు. సెప్టెంబరులో బడి హాల్లోనే మీటింగు పెట్టాడు.

"అమ్మాయిలూ, మీ పిల్లల బడి వేళలే మా ప్యాకింగు లైను వేళలు. తొమ్మిదింబావుకి రండి, రెండున్నరకి వెళ్ళిపోండి. దీనికి పేరు కూడా పెట్టేశాను, అమ్మల లైను!"

పద్నాలుగు మందిమి చేరాం. సంతకాలు పెట్టే రోజున అందరం చకచకా గీకేసి టీ దగ్గరకి పోతే, కొరిన్ ఒక్కతే కాగితం రెండోసారి చదువుతూ కూర్చుంది.

"ఏంటే అంత చదువుతున్నావు, పెళ్ళి కాగితమా?" అంది షోనా. మాలో నోరున్నది షోనాయే.

"పెళ్ళి కాగితం చదవకే కదా ఇక్కడికొచ్చాను," అంది కొరిన్. అందరం విరగబడి నవ్వాం.

ఊరి పేపరువాళ్ళు వచ్చి ఫొటో తీశారు. మధ్యలో క్లైవ్, చుట్టూ మేము. ముందు వరుసలో, కొరిన్ చేయి పట్టుకుని, ముందు పళ్ళు ఊడిన నోటితో నవ్వుతూ అయిదేళ్ళ ఫ్రేయా.

పని కష్టమే. బెల్టు మీద ఫిష్‌కేకులు, అంటే చేప, బంగాళాదుంప కలిపి చేసిన బిళ్ళలు, వస్తుంటాయి, రొట్టె పొడి సరిగ్గా అంటనివి ఏరెయ్యాలి, మిగతావి పెట్టెల్లో సర్దాలి. వేళ్ళు మొద్దుబారేవి. ఒంటికి పట్టిన వాసన ఎంత తోమినా పోయేది కాదు. అయినా మూడుంబావుకి బడి గేటు దగ్గర పిల్లల ముందు నిలబడేవాళ్ళం. అక్టోబరంతా సుఖంగానే గడిచింది.

నవంబరు చివర్లో క్లైవ్ గోడకి కొత్త కాగితం అంటించాడు. క్రిస్మస్ ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయి, రేపటినుంచి పొద్దున్న ఆరున్నరకి రావాలి.

"మేం సంతకం పెట్టిన కాగితంలో తొమ్మిదింబావు అని ఉంది," అంది కొరిన్.

"నీకు కాగితం కావాలా తల్లీ, పని కావాలా?" అని క్లైవ్ ఆమె భుజం తట్టాడు. "రాలేనివాళ్ళు చెప్పండి. తనంతట తనే మానేసిందని ఉద్యోగాల ఆఫీసుకి రాసి పంపిస్తాను. ఆ తర్వాత మీ భత్యం సంగతి వాళ్ళే చూసుకుంటారు."

మర్నాడు ఆరున్నరకి అందరం వచ్చాం. షోనా కూడా.

తలా ఒక దారి వెతుక్కున్నాం. నా పెద్దది పదకొండేళ్ళది, చెల్లెల్ని అదే బడికి తీసుకెళ్ళేది. కొరిన్ పక్కింటి బెరిల్ అనే పెద్దావిడని బతిమాలుకుంది. ఆరింటికి నిద్రకళ్ళ ఫ్రేయాని దుప్పటితో సహా బెరిల్ సోఫాలో పడుకోబెట్టి పరుగెత్తుకొచ్చేది. ఫ్రేయాకి తలదువ్వి బడికి దింపేది బెరిల్.

డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున్న బెరిల్ తలుపు తియ్యలేదు. ముందురోజు మెట్ల మీద జారిపడితే ఆస్పత్రికి తీసుకెళ్ళారట. కొరిన్ వీధిలోనే నిలబడి క్లైవ్‌కి ఫోన్ చేసింది.

"పాపని బళ్ళో దింపి తొమ్మిదింబావుకి వస్తాను. ఈ ఒక్కరోజే."

"ఆరున్నరకి రాకపోతే అసలు రాకు."

పిల్లని వెంటబెట్టుకుని వచ్చేసింది. మేం బట్టలు మార్చుకునే గదిలో మూల బల్ల మీద కూర్చోబెట్టి, రంగు పెన్సిళ్ళిచ్చి, ఎనిమిదిన్నర విరామంలో బడికి దింపి వస్తానని చెప్పింది. నేను నా బిస్కట్లు ఇచ్చాను. "ఫిష్‌కేకులు ఈదుతాయా?" అని అడిగింది ఫ్రేయా. ఈదవని చెప్పి బెల్టు దగ్గరకి వెళ్ళాం.

ఎనిమిదిన్నరకి మేమిద్దరం వచ్చేసరికి గదిలో పెన్సిళ్ళున్నాయి, పిల్ల లేదు.

కొరిన్ మరుగుదొడ్లన్నీ చూసింది, మేడ మీదికి పరుగెత్తింది. ఎవర్నడిగినా తెలియదంటారు. చివరికి బయటి గేటు పక్కన, లారీలు ఆగే చోట, ఇనుప బల్ల మీద కనిపించింది. సముద్రం మీంచి వచ్చే గాలి అక్కడ కత్తిలా కోస్తుంది. కోటు లేదు. అది లోపల కొక్కేనికే వేలాడుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి, మేజోళ్ళు తడిసిపోయి ఉన్నాయి. గేటు మనిషి లారీల వెనకెక్కడో ఉన్నాడు. క్లైవ్ ఏడింటికి పిల్లని చూసి, తినే వస్తువులు తయారుచేసే చోట పిల్లలేమిటని చెయ్యి పట్టి తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాడట. తల్లికి ఒక్క మాట చెప్పలేదు. చెబితే లైను ఆగుతుంది కదా.

"ఆయన కదలొద్దన్నాడమ్మా," అంది ఫ్రేయా పళ్ళు టకటకలాడుతుండగా. "నేను కదల్లేదు."

కొరిన్ తన కోటు విప్పి పిల్లకి చుట్టింది. అప్పుడే క్లైవ్ బయటికొచ్చాడు.

"ఇది ఫ్యాక్టరీ, పిల్లల బడి కాదు. నువ్విక రానక్కర్లేదు," అన్నాడు.

చెంప పగలగొడుతుందనుకున్నాను. కొరిన్ అతని దగ్గరగా వెళ్ళి, ఎంత నెమ్మదిగా మాట్లాడిందంటే, అతను వినడానికి తల వంచాల్సి వచ్చింది.

"నా పేరు కొరిన్ ఆష్‌బీ. సరిగ్గా రాసుకోండి. తప్పు రాస్తే తర్వాత గుర్తుపట్టలేరు."

పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను తిరిగి బెల్టు దగ్గరకి వెళ్ళాను. ఇద్దరు పిల్లలున్నారు మరి. ఆ పూట నా చేతిమీదుగా ఎన్ని పెట్టెలు వెళ్ళాయో, ఒక్కదాన్నీ చూడలేదు.

ఆమె తప్పువల్లే తీసేశామని క్లైవ్ ఆఫీసుకి రాశాడు. పదమూడు వారాలు భత్యం ఆపేశారు. పిల్ల పేరు మీద వచ్చే కాస్త తప్ప ఇంకేమీ లేదు. కొరిన్ బట్టలుతికే మిషను అమ్మేసింది. చర్చిలో ఇచ్చే డబ్బా సరుకుల కోసం వరసలో నిలబడింది. అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. జనవరిలో టీచరు పిలిచి చెప్పింది, ఫ్రేయాని కుర్చీలో కూర్చోమంటే ఇక లేవడం లేదని. మరుగుదొడ్డికి కూడా అడగదు. మళ్ళీ ఎవరో ఒకరు లేవమని చెప్పేదాకా అలాగే కూర్చుని ఉంటుంది, తడిసిపోయినా సరే.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది కొరిన్. టీ ఇస్తే తాగలేదు.

"వాణ్ణి నేను వదలను పామ్."

"పేపరుకి చెప్పు."

"పేపరు ఇవాళ చదువుతారు, రేపు కుక్క కింద పరుస్తారు. వాడు దేనికోసం ప్రాణం పెడుతున్నాడో ముందు అది తెలియాలి నాకు."

ఫిబ్రవరిలో ఆమెకి బళ్ళోనే పని దొరికింది. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం, రోజుకి గంటంబావు. దానితోపాటు పొద్దున్నా సాయంత్రం పసుప్పచ్చ కోటు వేసుకుని పిల్లల్ని రోడ్డు దాటించే పని. మేం పిల్లల కోసం వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కరినీ ఒకే మాట అడిగేది. నీ సంతకం కాగితం ఉందా? గోడకంటించిన వేళల ఫొటో తీస్తావా? అవన్నీ ఒక బిస్కట్ డబ్బాలో పెట్టుకునేది. ఏం చేస్తావే వాటితో అంటే నవ్వేది కాదు.

మార్చిలో నేనే చెప్పాను ఆ కబురు. దేశమంతా కొట్లున్న పెద్ద సూపర్ మార్కెట్‌వాళ్ళు మా ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారు. ఒప్పందం కుదిరితే క్లైవ్‌కి మూడు ఫ్యాక్టరీల మీద పెత్తనం. వాళ్ళకి చూపించబోయేది అమ్మల లైనునే. మేం క్రిస్మస్ దాటినా ఆరున్నరకే వస్తున్నాం, అది వేరే సంగతి.

"ముందుగదిలో మన ఫొటో పెట్టించాడు. తలుపంత పెద్దది చేయించి," అన్నాను.

"ఏ ఫొటో?"

"పేపర్లో పడ్డది. ఫ్రేయా ముందు నిలబడ్డది."

కొరిన్ నాకు వినపడీ వినపడనంత మెల్లగా అడిగింది. "ఏ రోజు వస్తున్నారు?"

"గురువారం. రెండింటికి. నాలుగు దాకా ఎవ్వరూ కదలకూడదని చెప్పాడు."

"నాలుగు దాకానా," అంది కొరిన్. "మంచిది."

మంగళవారం సాయంత్రం ఆమె వంటగదిలో పదముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కొరిన్ డబ్బాలోంచి సంతకం కాగితాల నకళ్ళు తీసి తలా ఒకటి ఇచ్చింది.

"గురువారం రెండున్నరకి చేతి తొడుగులు తీసేసి బయటికొచ్చెయ్యండి. అంతే. మీ కాగితంలో ఉన్న వేళే అది. కేకలొద్దు, తిట్లొద్దు."

"నీకేం, నీ పని ఎప్పుడో పోయింది," అంది షోనా. "మా పని పోతే?"

"కాగితం ప్రకారం ఇంటికెళ్ళినందుకు తీసేస్తే ఆఫీసులో అది చెల్లదు. అది నేను కనుక్కున్నాను. కానీ వాడు లైనే ఎత్తేస్తే నేనేమీ చెయ్యలేను. అబద్ధం చెప్పను."

"మరెందుకు చెయ్యాలి?"

"నాకోసం," అంది కొరిన్. "న్యాయమని చెప్పను, మీ మంచికే అని చెప్పను. వాడు నా పిల్లని ఆ బల్ల మీద కూర్చోబెట్టాడు. వాడి కాళ్ళ కింద నేల జారుతుంటే నేను చూడాలి. అందుకు అడుగుతున్నాను."

కేటిల్ మరిగి ఆగింది. నేను "సరే" అన్నాను. డిసెంబరు నుంచీ ఆ మాట నా గొంతులోనే ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. చివర్న షోనా, "పిచ్చిముండవే నువ్వు," అని, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

గురువారం వాళ్ళు వచ్చారు. వెంట్రుకలు రాలకుండా నెత్తిన వలటోపీ పెట్టుకున్న ఒకావిడ, ఇద్దరు మగవాళ్ళు. ఆవిడే పెద్ద అని చూడగానే తెలిసింది. క్లైవ్ మమ్మల్ని చూపిస్తూ మెలికలు తిరిగిపోతున్నాడు.

"వీళ్ళంతా ఒంటరి తల్లులండీ. పిల్లల బడి వేళలే వీళ్ళ పని వేళలు. నాకు వీళ్ళు ఇంట్లోవాళ్ళ లెక్క."

గోడ గడియారంలో రెండున్నరయింది. నేనే ముందు తొడుగులు తీశాను. పక్కన షోనా, ఆ పక్కన మిగతావాళ్ళు. బెల్టు ఆగలేదు. ఫిష్‌కేకులు వస్తూనే ఉన్నాయి, చివరికి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి, టపటపా నేలమీద రాలాయి.

"ఎక్కడికి? ఎక్కడికి వెళ్తున్నారు?" క్లైవ్ గొంతు చీలిపోయింది.

"బడికి," అన్నాను. "రెండున్నర అయింది కదా. మీరే చెప్పారు, బడి వేళలే పని వేళలని."

వలటోపీ ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "అందులో తప్పేముంది మిస్టర్ రడ్?"

"తప్పేమీ లేదమ్మా," అని నా కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. దానితో పాటు గోడకంటించిన వేళల ఫొటోలు కూడా. "ఆయన మమ్మల్ని నాలుగు నెలల నుంచి ఆరున్నరకి రప్పిస్తున్నాడు. రాకపోతే భత్యం ఆపిస్తానన్నాడు. ముందుగదిలో ఫొటో చూశారా? అందులో ముందు నిలబడ్డ పాపని డిసెంబరులో గంటన్నర సేపు కోటు లేకుండా గేటు పక్కన కూర్చోబెట్టాడు. తల్లి లోపల పని చేస్తోంది, ఆమెకి చెప్పలేదు. ఆ తల్లి ఇప్పుడు గేటు దగ్గరే ఉంది. అడగండి."

ఆవిడ నిజంగానే బయటికి వచ్చింది. క్లైవ్ వెనకే పరుగెత్తాడు. "అదంతా ఏదో పొరపాటండీ, ఆ మనిషి కొంచెం..." అంటున్నాడు. గేటు అవతల కొరిన్ పసుప్పచ్చ కోటులో నిలబడి ఉంది. ఆవిడ అడిగినవాటికి రెండే ముక్కల్లో జవాబు చెప్పింది. చూపు మాత్రం ఆవిడ మీద లేదు. క్లైవ్ ముఖం మీదే ఉంది, తిండి తినే మనిషి పళ్ళెం చూసినట్టు.

ఒప్పందం రాలేదు. రెండు వారాలకి క్లైవ్ ఉద్యోగం పోయింది. పై వాళ్ళకి అతను చెప్పిన అబద్ధాలు ఇంకా చాలా బయటపడ్డాయట.

అంతటితో ఆమె చల్లారుతుందనుకున్నాను. ఏప్రిల్లో ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగా తలుపు తట్టాడు క్లైవ్. చొక్కా ఇస్త్రీ లేదు. వాన పడుతోంది.

"కొరిన్, ఒక్క నిమిషం. ఎక్కడికెళ్ళినా ఆ పాప సంగతే అడుగుతున్నారు. అది పొరపాటున జరిగిందని నువ్వొక్క ముక్క రాసిస్తే..."

"అలాగే. ఆగండి, వస్తాను," అని కొరిన్ తలుపు వేసేసింది.

వచ్చి బీన్స్ వేడి చేసింది. రొట్టె కాల్చింది. ఫ్రేయాకి వడ్డించింది, నాకు టీ పోసింది. నేను కిటికీలోంచి చూశాను. క్లైవ్ మెట్టు మీద, చూరు లేని చోట, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"తడిసిపోతున్నాడే," అన్నాను.

"తడవనీ."

"బయట ఎవరమ్మా?" అంది ఫ్రేయా.

"ఎవరో. పని కోసం వచ్చాడు. నువ్వు తిను."

అరగంటకి ఒకసారి తలుపు తట్టాడు. "వస్తున్నా," అంది కొరిన్ లోపలినుంచే. పిల్లకి స్నానం చేయించింది, కథ చదివింది. గంటన్నర దాటాక గడియారం చూసుకుని, చేతులు తుడుచుకుని వెళ్ళి తలుపు తీసింది.

"రాయను," అంది. "ఇక వెళ్ళండి."

అతను ఏదో అనబోయాడు. ఏడ్చాడో, వానో, నాకు సరిగ్గా తెలియలేదు. ఇంటికెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను. సగం దారిలో ఎందుకో ఆ నవ్వు ఆగిపోయింది.

మే నెలలో అమ్మల లైను ఎత్తేశారు. ఒప్పుకున్నవాళ్ళని ఒక వారం పొద్దున్న, ఒక వారం రాత్రి షిఫ్టులు మారే పనిలోకి మార్చారు, అయిదుగురికి మాత్రం కుదరలేదు. అందులో నేనొకదాన్ని, షోనా ఒకతె. మళ్ళీ రెండు వారాలకో సంతకం. బడి గేటు దగ్గర షోనా అందరి ముందూ కొరిన్‌ని పట్టుకుని కడిగేసింది.

"నీ పగ తీరింది, మా పొయ్యి ఆరింది! నా పిల్లలకి నీ పగ వండిపెట్టనా?"

కొరిన్ తల వంచుకోలేదు, ఎదురు చెప్పలేదు. "నిజమే," అంది. "ముందే చెప్పాను." ఆ తర్వాతి వారం బడి వంటగదిలో ఒక మనిషి కావాలన్నారు, పదింటి నుంచి రెండింటిదాకా. కొరిన్‌నే రమ్మన్నారు. ఆమె షోనా పేరు చెప్పింది. షోనా ఆ పనిలో చేరింది, ఇప్పటికీ కొరిన్‌తో మాట్లాడదు. నాకు మాత్రం ఆగస్టు దాకా ఏమీ దొరకలేదు. తర్వాత ఒక పళ్ళ డాక్టరు దగ్గర గదులు తుడిచే పని వచ్చింది.

ఫ్రేయా కుర్చీలోంచి తనంతట తను లేవడానికి ఇంకో ఏడాది పట్టింది.

కొరిన్‌కి ఒక అలవాటయింది. ఇప్పుడు పని లేని క్లైవ్ కూడా మాలాగే సంతకం పెట్టాలి. ఆ రోజు తెలుసుకుని, రెండు వారాలకోసారి మంగళవారం పొద్దున్న ఉద్యోగాల ఆఫీసు ఎదురు రోడ్డు మీదుగా నడిచేది. ఏమీ అనేది కాదు. వరసలో అతను కనపడేదాకా నిలబడి, చూసి, వచ్చేసేది. అక్టోబరులో ఒక మంగళవారం అతను కనపడలేదు. ఆ పై సారీ లేడు.

"ఊరొదిలి వెళ్ళిపోయాడట," అన్నాను. పళ్ళ డాక్టరు దగ్గరకి అతని చెల్లెలు వస్తుంది, ఆవిడ చెప్పింది.

కొరిన్ ముఖంలో సంతోషం కోసం చూశాను. తింటున్న పళ్ళెం ఎవరో ముందునుంచి లాగేసినట్టు ఉంది.

"ఏ ఊరు?" అంది.

చెల్లెలు నాకు ఊరి పేరు చెప్పింది, వీధి పేరు కూడా చెప్పింది. బస్సులో గంట దూరం.

"తెలియదు," అన్నాను.